మిల్లు కల్లంలో శనీశ్వరుడు ఉడికిన సాయంత్రం

ఆ రోజుల్లో మా రేపల్లె వైపు జనానికి గాలితో రెండే పనులు. వడ్లు తూర్పారబట్టేటప్పుడు రావాలి, తాటాకు కప్పులు లేపేటంత మాత్రం రాకూడదు. ఈ రెండింటికీ మధ్య గాలి ఎప్పుడూ మన నెత్తిన ఉంటుందనీ, చల్లటిదీ వెచ్చటిదీ పొరలు పొరలుగా ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పారుతుంటుందనీ, చుక్కను చూడాలంటే ఆ గాలిలోంచే చూడాలనీ చెబితే నా వంక జాలిగా చూసేవారు. పారే కాలువ అడుగున చెంబు పడిందనుకోండి, అది వణుకుతున్నట్టు కనిపిస్తుంది. వణికేది చెంబు కాదు, నీళ్లు. చుక్క సంగతీ అంతే. మినుకు మినుకుమనేది చుక్క కాదు, మన గాలి. ఇంత చిన్న ముక్క చదువుకున్నవాళ్లకీ ఎక్కదు, చదువుకోనివాళ్లకీ ఎక్కదు. పెళ్లి శుభలేఖ మీద అచ్చు వేసినా సరే, చుక్క అంటే మెరవాల్సిందే! మెరిసే చుక్కను చూసి "ఆహా" అనేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అది ఆహా కాదండీ, అయ్యో! దూరదర్శినికి కన్ను ఆనించినవాడికి ఆ మెరుపంత చేటు ఇంకొకటి లేదు.

ఇంత వయసొచ్చాక ఈ కోపమంతా ఇప్పుడెందుకు కక్కుతున్నానంటే, దానికి కారకుడు మా బావమరిది. మొన్నామధ్య ఆదివారం నన్ను సూర్యలంక తీసుకువెళ్లాడు. అక్కడ ఇసకలో కాలేజీ పిల్లలు కొందరు టెలిస్కోపు పెట్టుకుని, సముద్రానికి వచ్చిన జనానికి గ్రహాలు చూపిస్తున్నారు. వాళ్లలో ఒక అమ్మాయి ఫోను నా కళ్ల ముందు పెట్టి, "తాతగారూ, ఇవాళ గాలి చాలా కుదురుగా ఉంటుందండి. నిన్ననే చూసుకున్నాం, ఇది ముందే చెప్పేస్తుంది" అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఎలా లెక్కగడుతుంది, ఎన్ని పొరల గాలిని చూస్తుంది, సముద్రం మీది గాలినీ నేల మీది గాలినీ ఒకే గాటన కడుతుందా అని అడగబోతున్నాను. ఈలోగా మా బావమరిది మధ్యలో దూరాడు. "అమ్మాయ్, ఈ తాతగారిని మాత్రం అడక్కండమ్మా. మా బావగారు అప్పట్లో పెద్ద గాలి సిద్ధాంతి. ఈయన గాలి కుదురుగా ఉంటుందని ముహూర్తం పెట్టిన రోజు శనీశ్వరుడు పెనం మీద నీటిబొట్టులా గంతులేశాడు!" అన్నాడు. పిల్లలంతా ఘొల్లున నవ్వారు. వీడు ఆ రోజు అక్కడ ఉన్నాడా అంటే లేడు. ఆనాటికి వీడికి నిక్కరు బొత్తాం పెట్టుకోవడం కూడా రాదు. పైగా వాళ్ల అక్కకూ నాకూ అప్పటికి పెళ్లే కాలేదు. అయినా కళ్లారా చూసినట్టు చెబుతాడు! వీడొక్కడే కాదు, రేపల్లె నుంచి తెనాలి దాకా ఈ కథ తెలియనివాడు లేడు. అందరూ తప్పుగా చెప్పేవాళ్లే. అందుకని కూర్చుని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చదివి మీరే చెప్పండి.

అప్పుడు నాకు ఇరవై దాటాయి. ఎనిమిదో తరగతితో బడికి దణ్ణం పెట్టి, తెనాలిలో ఒక కళ్లద్దాల షాపులో పనికి కుదిరాను. పొద్దున్నే రేపల్లెలో పాసింజరెక్కి వెళ్లడం, సాయంత్రం అదే బండిలో తిరిగి రావడం. షాపులో గాజు అరగదీయడం నా పని. పొడి చల్లి, నీళ్లు చిలకరించి, గాజును గాజు మీద తిప్పి తిప్పి రుద్దితే అది నెమ్మదిగా పళ్లెంలా గుంటపడుతుంది. ఈ విద్య చేతికి వచ్చాక ఊరికే ఉండలేకపోయాను. రేపల్లె లైబ్రరీలో దొరికిన ఒక పాత ఇంగ్లీషు పుస్తకంలో బొమ్మలు చూసి (బొమ్మలే చూశాను, ఇంగ్లీషూ నేనూ ఒకరికొకరం తెలియనట్టే ఉండిపోయాం) టెలిస్కోపుకు పెద్ద అద్దం ఒకటి అరగదీయడం మొదలుపెట్టాను. షాపు యజమాని లేనప్పుడు బల్ల మీద, ఉన్నప్పుడు బల్ల కింద. రేకు డబ్బాలు అతికే ఆయన చేత గొట్టం చేయించాను. తీరా అన్నీ బిగించి మా పెరట్లో నిలబెట్టి శనిగ్రహం వైపు తిప్పితే, మొదటిరోజు ఏదో పసుపుపచ్చ ముద్ద ఎగిరెగిరి పడుతూ కనిపించింది. అద్దం చెడిందనుకున్నాను. మర్నాడు మళ్లీ చూస్తే అదే శని, చుట్టూ వలయంతో, బంగారప్పని వాడు చెక్కి పెట్టినట్టు కదలక మెదలక ఉంది! అద్దం అదే, గ్రహం అదే, కన్ను అదే. మారిందేమిటి? గాలి.

ఆ రోజు నుంచి నాకు గాలి పిచ్చి పట్టుకుంది. రోజూ దీపాల వేళకు పెరట్లో నిలబడి, పక్కనున్న బియ్యం మిల్లు పొగగొట్టం మీద పొడిచే చుక్క ఎంత వణుకుతుందో చూసేవాణ్ణి. ఆ పగలంతా గాలి ఎటు నుంచి వీచింది, మిల్లు పొగ నిటారుగా లేచి ముక్కలైందా, దుప్పటిలా పరుచుకుందా గుర్తుపెట్టుకునేవాణ్ణి. పడమటి గాలి పొడిగా వీచి ఆకాశం కడిగినట్టు ఉన్న రోజున జనం మురిసిపోతారు, కానీ ఆ రోజు శని గంతులే వేస్తుంది. అదే, మినుము పీకే రోజుల్లో, చేల మీద పల్చగా మంచో పొగో తెలియని మసక కమ్మి, దక్షిణం నుంచి పైరగాలి మెల్లగా వచ్చి సర్దుకున్న సాయంత్రం, చుక్కలు బొత్తిగా కళాకాంతీ లేకుండా ఉంటాయి. ఆ సాయంత్రమే గొట్టంలో శని విగ్రహంలా నిలబడుతుంది. ఇలా చూస్తూ చూస్తూ, రేపూ ఎల్లుండీ సాయంత్రాలు ఎలా ఉంటాయో ఇవాళే చెప్పగలిగే స్థితికి వచ్చాను. ఎవరికి చెప్పాలి? మా అమ్మకు చెప్పేవాణ్ణి. "రేపు బాగుంటుందమ్మా." "సరే నాన్నా, వడియాలు పెట్టుకోవచ్చా?" అనేది.

ఆ రోజుల్లోనే బాపట్ల కాలేజీలో ఫిజిక్సు చెప్పే మాస్టారొకాయన కళ్లజోడు కాడ విరిగి మా షాపుకొచ్చారు. బల్ల కింద నేను రుద్దుతున్నది చూశారు.

"ఏంటయ్యా ఆ గాజు? అంత లావుది ఎవరి కంటికి?"

"నా కంటికేనండి. టెలిస్కోపుకండి."

ఆయన కళ్లజోడు సంగతి మరిచిపోయి బల్ల మీద మోచేతులు ఆనించి నిలబడిపోయారు. నేను గాలి గురించి మొదలుపెట్టాను. ఆయన మధ్యమధ్య అడుగుతుంటే రెట్టించి చెప్పాను. (ఆ వయసులో నన్నెవరైనా ఒక ప్రశ్న అడిగితే చాలు, పది ప్రశ్నలకు జవాబు చెప్పి గానీ వదిలేవాణ్ణి కాదు. ఇప్పుడు మాత్రం వదులుతున్నానా?) అంతా విని ఆయన ఒక మాట చెప్పారు. వాళ్ల కాలేజీకి ఎవరో దాత పెద్ద టెలిస్కోపు ఇచ్చాడట. పిల్లల్నీ, ఊళ్లో పెద్దల్నీ పిలిచిన ప్రతిసారీ ఏమీ సరిగ్గా కనిపించక పరువు పోతోందట. దాన్ని కనిపెట్టుకుని ఉండి, ఏ సాయంత్రం జనాన్ని పిలవాలో ముందుగా చెప్పగల మనిషి కోసం చూస్తున్నారట. "మా ప్రిన్సిపాల్ గారికి చెబుతాను" అన్నారు.

చెప్పారు కూడా. ప్రిన్సిపాల్ గారు నన్ను బాపట్ల పిలిపించి, కుర్చీలో వెనక్కి వాలి, "చూడబ్బాయ్, నువ్వే ఒక సాయంత్రం చెప్పు. మీ ఊరొచ్చి నీ టెలిస్కోపులోనే శనిగ్రహాన్ని చూస్తాను. నువ్వన్నట్టు కుదురుగా కనిపిస్తే ఉద్యోగం నీది. కనిపించకపోతే మళ్లీ నా గుమ్మం తొక్కకు" అన్నారు. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుని, ఆ పూట నాకు రెండు గరిటెలు పప్పు ఎక్కువ వేసింది. పగలల్లా చీకటి షాపులో గాజుముక్కలతో కుస్తీ పట్టే కొడుకు కాలేజీలో ఉద్యోగం చేయడమంటే ఆవిడకి ఎంతో నాకు తెలుసు. నాకు ఇంకా ఎంతో చెప్పలేను. ఆకాశం చూసినందుకు జీతం ఇస్తారంటే నమ్మలేక, గిల్లి చూసుకున్నాను.

దీపాల వేళకు శని తూర్పున కిందుగా ఉంటుంది, మా పెరట్లో అటువైపు చెట్లు అడ్డం. అందుకని మా పెదనాన్న వరసయ్యే మిల్లు ఆయనను అడిగి, ఉడికించిన వడ్లు ఆరబోసే సిమెంటు కల్లం ఆ సాయంత్రానికి ఇప్పించుకున్నాను. అదే నేను చేసిన మొదటి బుద్ధితక్కువ పని. పెదనాన్నకు ఏ పనీ చప్పుడు లేకుండా చేయడం చేతకాదు. శనివారమని ముహూర్తం చెప్పానో లేదో, మర్నాడే రిక్షాకు మైకు కట్టించి ఊళ్లోకి తోలాడు. "రండి బాబూ రండి! శనివారం సాయంత్రం, మన మిల్లు కల్లంలో, శనీశ్వర స్వామివారి ప్రత్యక్ష దర్శనం! ఆడవాళ్లకు వేరే వరస!" నేను పరుగెత్తుకుంటూ వెళ్లి మొత్తుకున్నాను.

"పెదనాన్నా, ఇది దర్శనం కాదు, సైన్సు! ఒక్క ప్రిన్సిపాల్ గారు చూస్తే చాలు."

"ఊరుకోరా. పెద్దమనిషి బాపట్ల నుంచి వస్తుంటే కల్లంలో నువ్వూ నేనూ బిక్కుబిక్కుమంటూ నిలబడతామా? నలుగురూ ఉండాలి. నా పరువేం కాను?"

ఆయన పరువుకూ నా శనికీ సంబంధమేమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

శుక్రవారం పడమటి గాలి వీచింది. సాయంత్రానికి ఆకాశం తోమిన ఇత్తడి పళ్లెంలా తళతళలాడిపోయింది. చుక్కలు చూడండి, ఒకటే మెరుపు! మిల్లు ఆఫీసుకు బాపట్ల నుంచి ఫోను. ప్రిన్సిపాల్ గారే. "ఏమోయ్, ఇవాళ ఆకాశం అద్దంలా ఉందే! జీపు సిద్ధంగా ఉంది, బయల్దేరమంటావా?" నేను వద్దండి, రేపే రండి అన్నాను. ఇవాళ శని నిలవదండి, రేపు ఆకాశం మసగ్గా ఉంటుంది, రేపే బాగుంటుందన్నాను. "మెరుస్తుంటే వద్దంటావు, మసగ్గా ఉంటే రమ్మంటావు. సరే, నీ ఇష్టం" అని పెట్టేశారు. పక్కన నిలబడ్డ పెదనాన్న నెత్తి కొట్టుకున్నాడు. "ప్రిన్సిపాలు తనంతట తను వస్తానంటే వద్దంటావేంట్రా! నీకేమన్నా మతి పోయిందా?" మిల్లులో కూలీలు కూడా నన్ను చూసి నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. ఆ వయసులో నాకు నా లెక్క మీద ఉన్న నమ్మకం ఎంతంటే, నవ్విన ప్రతివాడి పేరూ గుర్తుపెట్టుకున్నాను, మర్నాడు ముఖాన చెప్పొచ్చని.

శనివారం షాపు ఎగ్గొట్టాను. మధ్యాహ్నం గాలి మళ్లింది. నేను అనుకున్నది అనుకున్నట్టే! పైరగాలి మొదలైంది, చేల మీద మసక కమ్మింది, మిల్లు పొగ దుప్పటిలా పరుచుకుంది. పగలల్లా ఎండలో కాగిన సిమెంటు సాయంత్రం సెగ కక్కితే చుక్క నిలవదని నాకు తెలుసు. అందుకని కావిడితో నీళ్లు మోసి కల్లమంతా తడిపాను. పెదనాన్న వచ్చి, "ఏంట్రా, పెళ్లి వాకిలి కడుగుతున్నావా?" అని తిట్టినా వినలేదు. దీపాలు పెట్టే వేళకు గొట్టం తూర్పుకు తిప్పి చూశాను. ఇక్కడ కాస్త ఆగి చెబుతాను, ఎందుకంటే ఈ ముక్క ఎవ్వరూ చెప్పరు. శని రాయిలా నిలబడి ఉంది. వలయం, వలయానికీ గోళానికీ మధ్య నల్లని సందు, అన్నీ విడివిడిగా, కదలిక లేకుండా. నా అంచనా నూటికి నూరుపాళ్లూ నిజమైంది! కానీ అప్పుడు కల్లంలో నేనొక్కణ్ణే ఉన్నాను. ఒక్కడు చూసినదానికి సాక్ష్యమేముంది?

అప్పుడు మొదలైంది జనం రావడం. మైకు మహిమ! వచ్చినవాళ్లు ఊరికే వచ్చారా? శనీశ్వరుడి దర్శనమని పిలిస్తే మనవాళ్లు వట్టి చేతులతో వస్తారా? ప్రతి ఆడమనిషి చేతిలోనూ ఒక పళ్లెం, పళ్లెంలో ప్రమిద, ప్రమిదలో నువ్వుల నూనె, అందులో నల్లగుడ్డలో కట్టిన నువ్వుల మూట. వచ్చినవాళ్లు వచ్చినట్టు ప్రమిదలు నేల మీద పెట్టి వెలిగించడం మొదలుపెట్టారు. ఎక్కడ? గొట్టం ఎటు వంగి ఉంటే స్వామి అటున్నాడు గనుక, సరిగ్గా గొట్టం మూతి కింద! నేను మొదట పట్టించుకోలేదు. నాలుగు దీపాలే కదా అనుకున్నాను. చూస్తుండగానే అవి వరసయ్యాయి, వరసలు మడులయ్యాయి. కల్లంలో నాటు వేసినట్టు దీపాలు! నువ్వుల మూటలు చిటపటమంటున్నాయి. సెగ సన్నగా పైకి లేస్తోంది, నా గొట్టం ముందు నుంచే.

అంతలో జీపు వచ్చింది. ప్రిన్సిపాల్ గారూ, వెనకే మా మాస్టారూ దిగారు. పెదనాన్న దండ వేశాడు. ప్రిన్సిపాల్ గారు కంటిజోడు తీసి జేబులో పెట్టుకుని, గొట్టం దగ్గర కన్ను ఆనించారు. కాసేపయ్యాక ఆయన తల ఎత్తి, "ఏంటయ్యా ఇది? ఉడుకుతోంది!" అన్నారు.

నేను కన్ను పెట్టి చూశాను. నిజమే. అంతకుముందు రాయిలా ఉన్న శని, ఇప్పుడు మూకుడులో గారెలా తేలుతోంది, మునుగుతోంది, ఉబ్బుతోంది. వలయం ఒకసారి ఇటు సాగుతోంది, ఒకసారి అటు. మాస్టారు కూడా చూశారు. చూసి, గొట్టం వెంబడి కిందికి చూపు దించి, దీపాల మడిని చూసి, నా చెవి దగ్గరకు వంగారు. "ఆకాశంలో ఏమీ లేదయ్యా. వేడంతా ఇక్కడిదే. ఆ దీపాలు అవతలికి పెట్టించు, ఇట్టే సర్దుకుంటుంది."

ఇక నాకు ఆవేశం ఆగలేదు. "దీపాలు తీసేయండి! అందరూ తీసేయండి! వాటి సెగకే శని కదులుతోంది!" అని అరిచాను. అంతే. కల్లంలో గోల లేచింది. "కదలడా మరి, నువ్వట్లా అరిస్తే!" అంది ఒక మామ్మ. "వెలిగించిన దీపం ఆర్పమంటాడేంటమ్మా వీడు!" "అదీ శనివారం పూట!" "ఆ స్వామి పగబడితే ఎవరి కొంప కూలుతుందో తెలుసా?" పెదనాన్న నా రెక్క పట్టుకుని, "నోరు ముయ్యరా, జనం కొడతారు" అన్నాడు. పోనీ, చదువుకున్న పెద్దమనిషి ఉన్నాడు కదా, సైన్సు కాలేజీ నడిపేవాడు కదా, ఆయనైనా చెబుతాడని ప్రిన్సిపాల్ గారి వంక చూశాను. ఆయనేం చేశాడో తెలుసా? "వద్దొద్దు, వెలిగించినవి కదపకూడదు" అని చెయ్యి అడ్డం పెట్టి, డ్రైవరును పిలిచి, జీపులోంచి గుడ్డ సంచీ తెప్పించాడు. అందులో ప్రమిద! నువ్వుల మూట! "మా ఇంట్లో ఆవిడ చెప్పి పంపిందండీ, నాకు ఏల్నాటి శని నడుస్తోంది" అని అందరికీ ఎదురుగా, బూట్లు విప్పి, గొట్టం మూతి కిందే ఒంగుని వెలిగించాడు. ఆ తర్వాత లేచి, చేతులు దులుపుకుని, మళ్లీ గొట్టంలో చూసి, "ఇంకా ఎక్కువ ఉడుకుతోందే!" అన్నాడు. ఉడకదండీ మరి? నువ్వే పొయ్యి పెట్టి, నువ్వే ఉడుకుతోందంటావా? ఇది రాస్తూ కోపంతో ఒక కాగితం చింపేసి, మళ్లీ మొదటి నుంచి రాస్తున్నాను.

ఆయన నా వైపు తిరిగి, పదిమందీ వినేటట్టు అడిగారు. "ఏమోయ్, నిన్న ఆకాశం అంత బాగుంటే రావద్దన్నావు. ఇవాళ కుదురుగా ఉంటుందన్నావు. ఇది కుదురేనా? నీ అంచనా తప్పిందా లేదా? తప్పలేదంటే ఎందుకు తప్పలేదో చెప్పు, వింటాను."

చెప్పడానికి నోరు తెరిచాను. ఉద్యోగమంతా ఆ ఒక్క జవాబులో ఉందని నాకు తెలుసు. మాస్టారు పక్కనే ఉన్నారు, నేను ఒక్క ముక్క మొదలుపెడితే మిగతాది ఆయన అందుకునేవారు. దీపాల వైపు వేలు చూపిద్దామని తిరిగాను. ఆ మడిలో అన్నిటికన్నా ముందు వరసలో, సరిగ్గా గొట్టం కింద, మా అమ్మ కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చిందో నేను చూడనే లేదు. అందరూ ఒక్కొక్క ప్రమిద తెస్తే ఆవిడ పళ్లెం నిండా తెచ్చింది. ఇంట్లో ఉన్న ప్రమిదలన్నీ, చాలక మూకుళ్లూ, గిన్నెమూతలూ. ఇంత గోల జరిగినా కళ్లు తెరవకుండా చేతులు జోడించి గొణుగుతోంది. "స్వామీ, ఆ బాపట్ల సారు మావాణ్ణి మెచ్చుకునేటట్టు చూడు. ఆ ఉద్యోగం ఒక్కటీ ఇప్పించు. ఇంకేం అడగను." కల్లంలో అన్నిటికన్నా పెద్ద మంట ఆవిడదే.

నా అరుపు ఆవిడ చెవిన పడలేదు. ఇప్పుడు నేను చెప్పబోయేది మాత్రం పడుతుంది. ఊరంతా వింటుంది, విని ఆవిడ వైపు తిరుగుతుంది. ప్రిన్సిపాల్ గారు "ఊఁ, చెప్పు" అన్నారు.

"తప్పిందండి" అన్నాను.

మాస్టారు "అది కాదండీ" అని ఏదో అనబోయారు. నేను ఆయన చెయ్యి గట్టిగా నొక్కాను. ఆయన నా చూపు పోయిన వైపు చూసి, ఆగిపోయారు. జీపు ఎక్కేటప్పుడు నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లిపోయారు. జీపు చెరుకుపల్లి రోడ్డు మలుపు తిరిగేదాకా నిలబడి చూశాను. వెనకనుంచి ఎవడో "గాలి సిద్ధాంతీ!" అని కేకేశాడు. ఆ బిరుదు అలా వచ్చింది. ఆ ఉద్యోగం తర్వాత ఇంకెవరికో ఇచ్చారట. ఆ మహానుభావుడు చుక్కలు బాగా మెరిసే రోజు చూసి మరీ జనాన్ని పిలిచేవాడని విన్నాను. ఇవాళ కొండల మీద పెద్ద పెద్ద టెలిస్కోపుల దగ్గర, రాబోయే గాలి ఎలా ఉంటుందో కంప్యూటర్లతో ముందే లెక్కలు వేయిస్తారట. ఆ లెక్కను బట్టే దేన్ని చూడాలో తేల్చుకుంటారట. పగలే లోపలంతా చల్లబరిచి, దగ్గర్లో మనిషి ఒంటి వేడి కూడా తగలనివ్వరట. ఫోనులో చదివాను. చదివి ఫోను బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టాను.

ఆ సాయంత్రం జనం వెళ్లిపోయాక అమ్మా నేనూ మిగిలాం. నూనె అయిపోయి దీపాలు ఒక్కొక్కటే కొండెక్కుతున్నాయి. అమ్మ ప్రమిదలు ఏరుకుంటోంది. నేను గొట్టం విప్పబోతూ, ఎందుకో అలవాటుగా కన్ను ఆనించాను. శని నిలబడి ఉంది. రాయిలా, విగ్రహంలా, ఏమీ ఎరగనట్టు. కోపంతో గొట్టాన్ని ఒక్క తన్ను తన్నాలనిపించింది. తన్నకుండా "అమ్మా, ఇట్లా రా" అన్నాను.

"నాకెందుకురా, నాకేం తెలుసు" అంటూనే వచ్చింది. ఏ కన్ను మూయాలో తెలియక రెండూ మూసింది, నేను చేత్తో ఒకటి మూశాను. చాలాసేపు చూసింది.

"ఇంతేనా ఈయన? ఇంత బుజ్జిగా ఉన్నాడేంట్రా? చెవులకు పోగులు పెట్టుకున్నట్టు... ఈయనకా నేను ఇన్నాళ్లూ భయపడి చచ్చింది?"

నవ్వొచ్చింది నాకు. అంత కోపంలోనూ వచ్చింది.

ఆవిడ తల ఎత్తకుండానే అడిగింది. "మరి ఇంత నిమ్మళంగా ఉన్నాడు కదరా. ఆ సారు చూసినప్పుడే ఎందుకట్లా కదిలాడంట?"

"గాలమ్మా. నా అంచనా కాస్త తప్పింది."

"పోనీలేరా. వచ్చేసారి సరిగ్గా చెబుదువుగాని" అని నా వీపు నిమిరి, మళ్లీ గొట్టంలోకి వంగింది.

ఆవిడ వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లకు బయటపెట్టాను. పెదనాన్న మీద కోపం తగ్గలేదు, ప్రిన్సిపాల్ గారి మీద అసలే తగ్గలేదు, మా బావమరిది మీద మొన్ననే కొత్తగా వచ్చింది. గాలి విషయంలో నేను చెప్పినవాటిలో తప్పని నేనే ఒప్పుకున్నది ఆ ఒక్కటే, అదీ తప్పు కాదు. అయినా ఆ కల్లంలో, చేతిలో ఉద్యోగం జారిపోయి, తల్లి కన్ను మూసి పట్టుకుని నిలబడి, మొహం చెదరకుండా అబద్ధం చెప్పిన ఆ గాలి సిద్ధాంతి గుర్తొస్తే మాత్రం, ఏం చేయను, ఇంత కోపిష్టివాడికీ నవ్వు రాకుండా మూతి బిగించుకోవడం చేతకావడం లేదు.